బస్టాండ్ రోడ్డుపై సంగప్ప అభ్యంతరం

పోయిన నెల నారాయణఖేడ్‌లో విత్తనాల సంగప్ప చనిపోయాడు. సంతాప సభలో నన్నూ మాట్లాడమన్నారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు ఆయన్ను మహనీయుడన్నారు, ధర్మమూర్తి అన్నారు. ఆ మాటల తర్వాత నేను రెండు వాక్యాలు చెప్పి కూర్చున్నాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ధర్మమూర్తి కాడు. బస్టాండ్ ఎదురుగా విత్తనాలు, ఎరువులు అమ్మిన వ్యాపారి. ఇంట్లో కన్నడం, దుకాణంలో తెలుగు మాట్లాడేవాడు. బేరంలో గట్టి మనిషి. నేను ఇంజనీరుగా చేసిన ఆఖరి పెద్ద పనికి ఊళ్లో అందరికంటే ఎక్కువ అడ్డుపడినవాడు కూడా ఆయనే. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నా బదిలీలు, పదోన్నతులు చెప్పి ప్రయోజనం లేదు. ఈ ఒక్క మనిషి గురించి చెబితే పని అంటే ఏమిటో కొంత తెలుస్తుంది.

రోడ్డు సన్నం చేయమన్నప్పుడు

నా ఉద్యోగమంతా రోడ్లు వెడల్పు చేయడంలోనే గడిచింది. ఏ ఊరికి బదిలీ అయినా అదే పని. ఒక వరుస రెండు వరుసలు కావాలి, రెండు నాలుగు కావాలి. వెడల్పయిన రోడ్డు మీద బండి వేగంగా పోతుంటే పని బాగా చేశామని అనుకునేవాళ్లం. ఆ రోడ్డును నడిచి దాటే మనిషి సంగతి మా లెక్కలో ఉండేది కాదు. నక్షాలో అతని కోసం గీసే గీత ఏదీ లేదు మరి.

నారాయణఖేడ్ బస్టాండ్ ముందు రోడ్డు కూడా అలా వెడల్పయినదే. మధ్యలో డివైడర్, అటు రెండు వరుసలు, ఇటు రెండు వరుసలు. బయటి వరుసల్లో ఆటోలు, జీపులు, ట్రాక్టర్లు ఆగేవి. లోపలి వరుసల్లో బండ్లు దూసుకుపోయేవి. నాగల్‌గిద్ద, కంగ్టి వైపు నుంచి వచ్చినవాళ్లు బస్సు దిగి, ఆగిన బండ్ల సందుల్లోంచి తొంగిచూసి, డివైడర్ దాకా పరుగెత్తి, దాని మీద బిక్కుబిక్కుమంటూ నిలబడి, మళ్లీ పరుగెత్తేవాళ్లు. దెబ్బలు తగలని నెల లేదు.

అప్పుడు మా మున్సిపాలిటీకి కొత్తగా ఒక కమిషనర్ వచ్చారు. చిన్న వయసు. మొదటి వారంలోనే బస్టాండ్ ముందు చాలాసేపు నిలబడి చూసి, నన్ను పిలిచి అడిగారు.

"గేటు నుంచి చౌరస్తా దాకా రెండు వైపులా ఒక్కో వరుస తీసేస్తే ఏమవుతుంది?"

"ఊరు ఊకోదు మేడం," అన్నాను.

"ఊరు సంగతి తర్వాత. రోడ్డుకు ఏమవుతుంది?"

నిజం చెప్పాలంటే రోడ్డుకు ఏమీ కాదు. బయటి వరుస ఎలాగూ నిలిచిన బండ్లతోనే నిండి ఉంది. అక్కడ కాలిబాట వెడల్పు చేసి, మధ్యలో డివైడర్ తెరిచి, కాలిబాటంత ఎత్తులో ఒక దాటే దారి వేస్తే, మనిషి ఒకసారికి ఒక్క వరుసే దాటుతాడు. బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. ఇదంతా నేను పుస్తకాల్లో చదివి ఉన్నాను. ఏనాడూ పైవాళ్లతో అనలేదు, ఎవరూ అడగలేదు కనుక.

ఎర్ర గుర్తులు

పని మొదట్లోనే బెడిసింది.

కొత్త అంచు ఎక్కడ వస్తుందో గుర్తు పెట్టమని సర్వే వాళ్లకు చెప్పాం. వాళ్లు ఎప్పటిలాగే కదలని వస్తువు నుంచి కొలిచారు. అంటే దుకాణాల స్తంభాల నుంచి. ప్రతి స్తంభం మీద ఎర్ర రంగుతో అడుగుల అంకె వేసి, రోడ్డు వైపు బాణం గీశారు. మా పనిలో అది మామూలే. కానీ మన వైపు ఊళ్లలో దుకాణం మీద సర్కారు ఎర్ర అంకె వేసిందంటే జనానికి తెలిసింది ఒకటే. అంతమేర కూలుస్తారు.

నేను వెళ్లేసరికి సగం షటర్లు దించి ఉన్నాయి. సంగప్ప చేతులు వెనక్కి కట్టుకుని దుకాణం ముందు నిలబడి ఉన్నాడు. ఆయనతో నేను మాట్లాడడం అదే మొదటిసారి.

"ఇంజనీర్ సాబ్, నా దుకాణం ఎంత లోతుంటదో ఎరికేనా మీకు?"

"తెలియదు సేట్."

"మీరు రాసిన పన్నెండడుగులు కొడ్తె ఎనక గోడ మిగులుతది, నేను మిగుల్త. గోడకు ఆనుకొని అమ్మాల్నా కందులు?"

పక్కన చాయ్ హోటల్ నడిపే నర్సింలు అందుకున్నాడు. "నీకు గోడన్న మిగుల్తది సేటూ. నాకు పొయ్యి సుత మిగలదు."

అంకె లోపలికి కాదు, బయటికి అని చెప్పాను. మీ దుకాణాలు ముట్టుకోం, రోడ్డే సన్నబడుతుంది అన్నాను. సంగప్ప నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"రోడ్డు సన్నగ చేస్తరా? సర్కారు?"

"అవును."

"నా జిందగిల సర్కారు ఒక్కడుగు ఎనకకు పోయింది చూడలే. గిండ్ల ఏదో మతలబున్నది."

మతలబు లేదని ఆయన నమ్మడానికి చాలా సేపు పట్టింది. నమ్మాక ఇంకా కోపం వచ్చింది. "కూలగొడ్తె పైసలన్న ఇస్తుండ్రి. గిదైతె అది సుత లేదు. దుకాణం నిలబెట్టి గిరాకి తీస్కపోతుండ్రు."

ఆ రోజు అంకెలు చెరిపించి, ముందు దుకాణదారులందరికీ చెప్పి, తర్వాతే మళ్లీ కొలిపించాం. పిల్లలకు చెప్పేది ఇదే: మీ గుర్తు మీకు ఏం చెబుతుందో కాదు, ఆ గోడ యజమానికి ఏం చెబుతుందో ముందు ఆలోచించండి.

సాయంత్రం సభ

ఆఫీసు హాల్లో సభ పెట్టాం. కమిషనర్ వేదిక మీద కూర్చోలేదు, కుర్చీ కిందికి వేయించుకున్నారు. దుకాణదారులు, ఆటోవాళ్లు, జీపులవాళ్లు వచ్చారు. "ఊరు పెరుగుతుంటె రోడ్డు తక్కువ చేస్తరా?" అని ఎవరో అన్నారు, చప్పట్లు మోగాయి. ఆ మాట చాలాసార్లు తిరిగింది.

సంగప్ప చప్పట్ల కోసం మాట్లాడే మనిషి కాడు. లేచి నా వైపు తిరిగాడు.

"మిరుగం కార్తె పడ్డంక ఇత్తులకు రైతు ట్రాక్టరేస్కొని వస్తడు. నా దుకాణం ముంగట ఆగ జాగ లేకుంటె చౌరస్తా అవుతల దుకాణం కాడ ఆగుతడు. ఆయన నా మొఖం చూసి రాడు సార్, బండాగే జాగ చూసి వస్తడు. మా నాయన పెట్టిన దుకాణం అది. ఆ జాగ పోతె దుకాణం పోయినట్టే. చెప్పుండ్రి, నేను తప్పు చెప్పిన్నా?"

నేను లేచి, నడిచేవాళ్లు పెరిగితే వ్యాపారం పెరుగుతుందని చెప్పాను. వేరే పట్టణాల్లో అలా జరిగిందని చదివానని కూడా చెప్పాను.

"మీరు సదివిన బుక్కుల ఎరువు బస్తాలమ్మే దుకాణం ఉన్నదా?"

హాలంతా నవ్వింది. పుస్తకంలో ఉన్నవి బట్టల కొట్లు, కాఫీ హోటళ్లు. ఎరువు బస్తాను ఎవరూ చేత్తో పట్టుకుని నడిచి పోరు. "లేదు" అన్నాను. ఆ ఒక్క జవాబుతో ఆయనకు నా మీద కొంత నమ్మకం కలిగిందని తర్వాత ఆయనే చెప్పాడు.

చివర్లో కమిషనర్ అడిగారు. "బస్సుల్లో వచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

ఎవరూ చేయి ఎత్తలేదు. జవాబు సంగప్ప చెప్పాడు.

"గీ యాల్లకు నాగల్‌గిద్దోళ్లు, కంగ్టోళ్లు ఇండ్లల్ల బువ్వ తింటుంటరు మేడం. ఆఖరు బస్సు పోయినంక మీటింగ్ పెట్టి, బస్సోళ్లు రాలేదంటె ఎట్లొస్తరు?"

సభ ఆయన వైపే ఉంది. అక్కడితో ముగిస్తే ఆయన గెలిచినట్టే. బస్సుల్లో వచ్చేవాళ్లు మాట్లాడితే తనకు ఎదురుగానే మాట్లాడతారని ఆయనకు తెలియకపోలేదు. అయినా వాళ్లు లేరని ఆయనే ఎత్తి చూపాడు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే.

ప్లాట్‌ఫారం మీద

రెండో సభ పట్టపగలు బస్టాండ్ ప్లాట్‌ఫారం మీదే జరిగింది. మైకు లేదు. కమిషనర్ బెంచీ మీద కూర్చుంటే, బస్సు కోసం కాచుకున్నవాళ్లు చుట్టూ చేరారు. సంగప్ప కూడా దుకాణం బిడ్డకు అప్పజెప్పి వచ్చాడు. కంగ్టి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె మా మధ్యకు తోసుకుని వచ్చింది.

"పింఛన్లోళ్లా మీరు?"

"కాదమ్మా. ఈ రోడ్డు గురించి అడుగుతున్నాం."

"రోడ్డుతోని నాకేం పని బిడ్డా. దాటుడే నా పని."

"ఎట్లా దాటుతారు?"

"ఎట్ల దాటుత? ఉరుకుడే." చేత్తో ఎదుటి వైపు చూపించింది. "మూట గా సేటు దుకాణంల పెట్టి దవాఖానకు పోత. మల్ల బస్సొచ్చే యాల్లకు అటు ఉరికి మూటెత్తుకొని ఇటు ఉరకాలె."

ఇది ఆ దుకాణం అలవాటు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మూటలు సంగప్ప అరుగు మీద పెట్టి దవాఖానకో, ఆఫీసుకో పోతారు. ఆయన దగ్గర కొన్నా కొనకపోయినా పెట్టుకోవచ్చు. ఎవరి మూట ఎవరిదో ఆయనకు గుర్తుంటుంది. బస్టాండ్‌లో సామాన్ల గది లేని లోటు ఆ అరుగు తీర్చేది.

"ఉరికేటప్పుడు బండ్లు చూసుకోరా అమ్మా?" అన్నాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. "నెత్తిన మూటుంటె మెడ తిరుగుతదా కొడుకా? నువ్వొక్కపారి ఎత్తుకొని సూడు."

నవ్వారు అందరూ. సంగప్ప నవ్వలేదు. ఆ మూటలు ఉన్నది ఆయన అరుగు మీద. వాటి కోసమే జనం రోడ్డు దాటుతున్నారు. పక్కా పనికి ముందు కొన్నాళ్లు ఒక్కో వరుస మూసి పరీక్ష చేస్తామని కమిషనర్ అక్కడ అందరికీ చెప్పారు. మేము తిరిగి వస్తుంటే సంగప్ప గేటు దగ్గర ఆగి అడిగాడు.

"పరీక్ష పెడ్తమన్నరు గద, ఎప్పుడు పెడ్తరు?"

"ఎండాకాలం చివర్లో," అన్నారు కమిషనర్. "రద్దీ తక్కువ ఉంటుంది కదా."

"ఎండకాలంల నేను దుకాణంల ఈగలు తోలుకుంట కూసుంట. అప్పుడు మీ రోడ్డు మంచిగనే నడుస్తది. పెడ్తె మిరుగంల పెట్టుండ్రి. ఇత్తులు అమ్ముడుపోయే రోజులల్ల."

"ఏడాది వ్యాపారమంతా ఆ రోజుల్లోనే కదా సేట్. నష్టం మీకే," అన్నాను.

"అయితె అయితది. నష్టమని ఒట్టిగ నోటితోని చెప్తె మీరు నమ్మరు. లేదని మీరు చెప్తె నేను నమ్మ. ఇద్దరం కండ్లతోని చూస్తం."

ఎదుటివాడు ఓడిపోయే రోజును ఎంచుకోవడం అందరూ చేస్తారు. ఆయన ఇద్దరికీ కష్టమైన రోజును ఎంచుకున్నాడు. నా ఉద్యోగంలో ఎన్నో సభలు చూశాను, ఈ మాట అడిగినవాణ్ని మళ్లీ చూడలేదు.

మిరుగంలో పరీక్ష

మొదటి వాన పడగానే ఇసుక నింపిన డ్రమ్ములు వరుసగా పెట్టి, తాడు కట్టి, రెండు వైపులా ఒక్కో వరుస మూసేశాం. దాటే దారి దగ్గర డివైడర్ తెరిచి, రోడ్డుకు అడ్డంగా గట్టు పోశాం.

మొదటి రోజులు గొప్పగా ఏమీ సాగలేదు. హారన్లు, తిట్లు. ఒక ట్రాక్టరు తాడుకు చిక్కుకుని రోడ్డంతా ఆపేసింది. నర్సింలు హోటల్లోంచే నన్ను చూసి, "సార్, నీ రోడ్డు అరిగిపోయింది, గిట్ల ఇంకొంచెం గీకితె అయిపోతది!" అని అరిచేవాడు. పొద్దునే వచ్చి చూస్తే డ్రమ్ములు పక్కకు జరిపి ఉండేవి. ఎవరు జరిపేవారో తెలియదు. మళ్లీ వరుసలో పెట్టించింది మాత్రం సంగప్పే, తన హమాలీలతో. నేను ఆశ్చర్యపోతే విసుక్కున్నాడు. "పరీక్షన్నంక పరీక్షనే. సగం తెరిచి సగం మూస్తె ఏమెరుక అయితది?"

ఆయన చెప్పినట్టే జరిగింది. ట్రాక్టర్లు ఆయన దుకాణం ముందు ఆగలేక ముందుకు వెళ్లిపోయాయి. ఒక రోజు నేను అక్కడ ఉండగానే నాగల్‌గిద్ద వైపు రైతు ఒకాయన ట్రాక్టరు మీద నుంచే కేక వేశాడు.

"సేటూ, ఆగ జాగ లేదే! ఏమనుకోకు!"

"పో పో, ఏమనుకోను. ఇత్తు మాత్రం మంచిగ చూసి తీస్కో. పోయినేటిది అంటగడ్తడు వాడు," అని సంగప్ప తిరిగి కేక వేశాడు.

ఆ రైతు తండ్రి కాలం నుంచీ ఆ దుకాణానికే వచ్చేవాడట. ట్రాక్టరు చౌరస్తా దాటేదాకా సంగప్ప చూస్తూ నిలబడ్డాడు. నేను ఏదో అనబోతే చేయి అడ్డం పెట్టాడు.

ఇంకో సంగతి కూడా జరుగుతూ వచ్చింది. గట్టు దగ్గరికి వచ్చేసరికి బస్సు డ్రైవర్లు కాలు బ్రేకు మీద పెట్టడం మొదలుపెట్టారు. వెనక బండి దాటి పోవడానికి చోటు లేదు కనుక అదీ ఆగేది. మూటలు ఎత్తుకున్న ఆడవాళ్లు మొదట్లో అలవాటుగా పరుగెత్తేవాళ్లు. కొన్నాళ్లకు నడవడం మొదలుపెట్టారు. మాట్లాడుకుంటూ నడిచేవాళ్లు. నేను బస్టాండ్ మెట్ల మీద నిలబడి అది చూశాను. నేను వేసిన రోడ్లన్నిటిలో నాకు తృప్తిగా అనిపించిన దృశ్యం అదే.

తీర్మానం

చివరి సభ పగలే పెట్టాం. ఆటోలకు బస్టాండ్ పక్క సందులో చోటు చూపించాం కనుక వాళ్లు సగం మెత్తబడ్డారు. నర్సింలు పూర్తిగా మారిపోయాడు. మూసిన వరుసలో నిలబడి చాయ్ తాగేవాళ్లు పెరిగారు. "రోడ్డు తక్కువైతె మంచిదే, నేను ముందుగాల్నే చెప్పిన," అన్నాడు. సంగప్ప అతన్ని ఒక చూపు చూశాడు.

అందరూ సంగప్ప కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన నష్టపోయాడని ఊరికంతా తెలుసు. తీసేయండి అంటే కాదనే ధైర్యం మాకు లేదు. కమిషనర్ కూడా నాతో ముందే అన్నారు, ఆయన వద్దంటే ఆపుదామని.

ఆయన లేచాడు. "నేను చెప్పినట్టే అయింది. నా గిరాకి పోయింది. ఇంజనీర్ సాబ్ బుక్కు తప్పు." కొందరు నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆగి, "రోడ్డు గిట్లనే ఉండనియ్యుండ్రి," అని కూర్చున్నాడు.

ఎందుకో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

సభ అయ్యాక కమిషనర్ ఆయన్ను ఆపారు. దుకాణం ముందు వేయబోయే కాలిబాటను కొంత కోసి, ట్రాక్టరు ఆగేంత చోటు ఇద్దామన్నారు. నేనూ అదే అన్నాను. మనసులో అది న్యాయమనే అనిపించింది.

"వద్దు మేడం. నా ఒక్కని ముంగట కోస్తె పక్కోడు ఊకుంటడా? అందరి ముంగట కోస్తె ఇగ మీరు చేసిందేమున్నది?"

దానికి బదులు వెనక సందు బాగు చేయించమన్నాడు. అది కావడానికి చాలా కాలం పట్టింది, నేను రిటైరయ్యే ముందు పూర్తయింది. ఆయన గోదాం తలుపు అటు తెరిపించాడు. కొందరు రైతులు తిరిగి వచ్చారు. చాలామంది రాలేదు. దుకాణం మునుపటి స్థాయికి మళ్లీ చేరలేదు. మంచి పని చేసినవాడికి మంచే జరిగిందని రాయాలని నాకూ ఉంది. జరగలేదు.

ఉద్యోగంలో చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. మీరు చేసే ప్రతి మంచి పనికి ఎక్కడో ఒకరు మూల్యం చెల్లిస్తారు. ఆ మనిషి పేరు మీకు తెలిసి ఉండాలి. అతనికి లాభమే కలుగుతుందని అబద్ధం చెప్పకండి. నేను చెప్పబోయాను, ఆయన సాగనివ్వలేదు. అభ్యంతరం చెప్పేవాడు అడ్డంకి అనుకుని ఫైలును చుట్టూ తిప్పి తీసుకుపోయే అధికారులను చాలామందిని చూశాను. వాళ్ల రోడ్లు త్వరగా పూర్తయ్యేవి. ఎన్నికలు కాగానే తవ్వేసేవారు కూడా.

తర్వాత

రిటైరయ్యాక నారాయణఖేడ్ వెళ్లినప్పుడల్లా ఆ అరుగు మీద కూర్చునేవాణ్ని. నన్ను చూడగానే, "దుకాణం ముంచిన ఇంజనీరొచ్చిండు, చాయ్ చెప్పుండ్రి," అని లోపలికి కేక వేసేవాడు. దగ్గర్లోని బోరంచ ఊరి జాతర రోజుల్లో జనం గట్టు మీద నుంచి బారులుగా దాటుతుంటే ఇద్దరం చూస్తూ కూర్చునేవాళ్లం. రోడ్డు గురించి మళ్లీ ఏనాడూ మాట్లాడుకోలేదు. మేమిద్దరం ఎక్కువగా మాట్లాడుకున్నది వానల గురించి.

సంతాప సభ నుంచి బయటికి వచ్చాక దుకాణానికి వెళ్లాను. ఇప్పుడు ఆయన బిడ్డ మహాదేవి నడుపుతోంది. ఒక గిరాకీని పంపించి, నాకు కుర్చీ వేసి, నేను వినని సంగతి ఒకటి చెప్పింది.

నిరుడు ఒక నాయకుడు రోడ్డు మళ్లీ వెడల్పు చేయిస్తానని అర్జీ రాయించి ఊళ్లో తిరిగాడట. మొదటి సంతకం కోసం నేరుగా ఇక్కడికే వచ్చాడు. ఎక్కువ నష్టపోయింది సంగప్ప, అందుకని ఆయన సంతోషంగా పెడతాడని అనుకున్నాడు.

"నాయనకు అప్పటికే పానం బాగలేదు అంకుల్. గీ కుర్చీలనే కూసున్నడు. కాగితం మొత్తం సదివిండు. సదివి, 'నా గిరాకి పోయింది నిజమే. అది తెచ్చుకోనికి గీ ఆడోళ్లను మల్ల రోడ్డు నడుమల నిలబెట్టాల్నా?' అన్నడు. కాగితం వాపస్ ఇచ్చిండు."

"ఆ నాయకుడు ఏమన్నాడు?"

"ఏమంటడు. పక్కన హోటల్ల అడిగిండు, అవుతల బట్టల దుకాణంల అడిగిండు. సంగప్ప సేటు పెట్టిండా అని అందరు అడిగిండ్రట. పెట్టలేదంటె, అంత నష్టపోయిన మనిషే పెట్టలేదు, మేమెట్ల పెడ్తమన్నరట."

ఆ కాగితం మీద ఒక్క సంతకమూ పడలేదు.